పుల్ల ముట్టకూడని రోజులు

మా అక్క మరియమ్మను సమాధి చేసిన రోజున చర్చి ఉపదేశి ఆమెను ఓర్పుగల తల్లి అన్నాడు. శాంత స్వభావం అని కూడా అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా తలలూపారు. ఆమెతో ఎప్పుడో ఒకప్పుడు మాటపడని మనిషి ఆ గుంపులో ఒక్కరు లేరు. అయినా ఊపారు. పోయినవాళ్ళ గురించి మంచి మాట చెప్పడం మర్యాదే కావచ్చు. లేని గుణం అంటగట్టి, ఉన్న గుణాన్ని మట్టిలో పూడ్చడం మర్యాద కాదు. మా అక్కకు ఓర్పు లేదు. ఆమెకున్నది కోపం. అది ఎందుకొచ్చిందో, దానితో ఆమె ఏం చేసిందో నాకు గుర్తున్నంత వరకు రాస్తాను.

మాది గురజాల అవతల, నాపరాళ్ళ గనుల పక్కన ఒక పల్లె. అమ్మ చిన్నప్పుడే పోతే అక్కే నన్ను పెంచింది. చింతపిక్కలు వేయించి పెట్టేది. నా పళ్ళకు అవి లొంగేవి కావు. తను పటుక్కున కొరికి, పప్పు నా చేతిలో పెట్టి, పొట్టు ఉమ్మేసేది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె మొదటి చరణం అందుకుంటే మిగతావాళ్ళు వెనకాల నడిచేవాళ్ళు. ఆ మనిషికి ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి ముందు వరసలో పన్ను లేదు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముందుకొచ్చి, నా కంటే ఎనిమిదేళ్ళు పెద్దదైన అక్క మా నాయనమ్మలా కనబడేది. పాట మానేసింది. 'యేసు' అనబోతే గాలి పోయేది. పిల్లలు నవ్వారని కాదు, తన చెవికి తనే ఓర్చుకోలేక మానేసింది.

ఆ పళ్ళు ఎలా పోయాయో చెప్పాలి. ఎవరూ కొట్టలేదు. ఏ రోగమూ ఊడ్చుకుపోలేదు. ఇంట్లోవాళ్ళు, ప్రేమగానే, మంచి చేస్తున్నామనుకుంటూ పోగొట్టారు.

అక్కను మా ఊళ్ళోనే దానయ్యకిచ్చారు. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఒక పొద్దున వేపపుల్ల నమిలి తోముకుంటుంటే పుల్ల కొసన రక్తం కనబడింది. వాళ్ళత్త చూసింది. చూసి, పుల్ల లాక్కుని పెరట్లోకి విసిరేసింది. మా వైపు ఆడవాళ్ళలో అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. కడుపుతో ఉన్న మనిషికి చిగుళ్ళ నుంచి రక్తం కారితే ఆ రోజు నుంచి పుల్ల ముట్టకూడదు. కాన్పయి, బిడ్డను చర్చికి తీసుకెళ్ళే రోజు దాకా ముట్టకూడదు. పచ్చి ఒంటి మీద పుల్ల తగిలితే పంటి నరాలు వదులవుతాయనీ, వేప చేదు చనుబాలలోకి దిగి బిడ్డకు కడుపునొప్పి వస్తుందనీ చెప్పుకునేవాళ్ళు. పొద్దునే ఓ పుక్కిలి నీళ్ళు పోసుకుని ఉమ్మితే చాలు. నొప్పెడితే పొగాకు ఈనెలు పెనం మీద మాడ్చి నూరిన నల్లపొడి అద్దుకోవాలి. ఆ పొడి చిగుళ్ళను మొద్దుబారుస్తుంది. నొప్పి తెలియదు. తెలియకుండా లోపల జరిగేది జరుగుతుంది.

నలుగుర్ని కన్నది అక్క. కన్న ప్రతిసారీ నెలల తరబడి నోటికి పుల్ల లేదు. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టేసరికి చిగుళ్ళు ఉబ్బి, తాకితే నెత్తురు, తాకితే నొప్పి. దాంతో పైపైన రుద్దుకుని ఊరుకునేది. రెండో బిడ్డ పాలు తాగే రోజుల్లో ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె కొరికితే రొట్టెతో పాటు పన్ను వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఏడవలేదు. దాన్ని చీరచెంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క మచ్చ లేదురా దీనికి, మరెందుకు ఊడిందిరా?" అని నన్నడిగింది. నిజమే. పుచ్చలేదు, విరగలేదు. తెల్లగా, గింజలా ఉంది. మంచి గుంజను గుల్ల నేలలో పాతినట్టు, పట్టుకోవలసిన చిగురు వదిలేసింది.

దానయ్య బావ మంచివాడు. గనిలో రాయి తీసి, ఇంటికొచ్చి, పెట్టింది తిని, ఆడవాళ్ళ విషయాల్లో వేలు పెట్టని మంచివాడు. అలాంటి మంచివాళ్ళు మా పల్లెల్లో చానామంది. వాళ్ళ భార్యల నోళ్ళు తెరిచి చూస్తే ఆ మంచితనమంతా కనబడుతుంది.

నాలుగో కాన్పు తర్వాత దవడ వాచి, చీము పట్టి, జ్వరంలో పడితే అప్పుడు బండి కట్టుకుని మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక నర్సమ్మ నోరు తెరిపించి, చీము తీసి, మిగిలిన పళ్ళ మొదళ్ళలో సన్నటి ఇనప పనిముట్టుతో గీకింది. గీకగా ఊడిన గారముక్కను అక్క అరచేతిలో పెట్టింది. మా నీళ్ళు కాచే కుండలో అడుగున తెల్లగా కట్టే పెచ్చు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"రక్తం పుల్ల వల్ల రాలేదమ్మా," అంది నర్సమ్మ. "చిగురు మొదట్లో పేరుకున్న పాచి వల్ల వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు చిగురు మామూలు కంటే తొందరగా వాస్తుంది. అప్పుడే బాగా శుభ్రం చేసుకోవాలి. నువ్వు సరిగ్గా అప్పుడే మానేశావు."

అక్క ఆ పెచ్చును గోటితో గీకి చూసింది. తర్వాత, "ఈ మాట నా మొదటి కాన్పుకు ముందు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదా?" అంది. నర్సమ్మ నొచ్చుకుంది. ఆమె తప్పేముంది? అక్క మొదటి కాన్పు నాటికి ఆమె ఇంకా పలకా బలపం పట్టుకుని ఉంటుంది. కాని అక్క ఆ ప్రశ్న ఆమెను అడగలేదు. ఎవర్ని అడగాలో తెలియక ఎదురుగా ఉన్న మనిషిని అడిగింది.

మా అక్క కోపం ఆ రోజు మొదలైంది. ఇక చల్లారలేదు.

ఇంటికొచ్చి పొగాకు పొడి డబ్బా గనిగుంటలో పారేసింది. మిగిలిన నాలుగు దవడపళ్ళనూ ఆమె కాపాడుకున్నదానిలో సగం శ్రద్ధ వాళ్ళత్త గేదె మీద పెట్టేది కాదు. అంతకంటే పెద్ద కూతురు హన్నమ్మ నోటిని కాపాడింది. పొద్దునే లేత వేపపుల్లో కానుగపుల్లో విరిచి ఇచ్చేది. నమిలి నమిలి కొస కుంచెలా మెత్తబడేదాకా పంటికి తాకనిచ్చేది కాదు. పన్నూ చిగురూ కలిసేచోట మెల్లగా, పై పళ్ళకు పైనుంచి కిందికి, కింది పళ్ళకు కిందినుంచి పైకి రుద్దించేది. ముందు పళ్ళు ఊరికి చూపించేవి, వెనక పళ్ళు అన్నం పెట్టేవి, వెనక్కి పోవే అని కసిరేది. పుల్ల చీల్చి నాలుక గీయించేది. రాత్రి అన్నం తిన్నాక గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించకుండా పడుకోనిచ్చేది కాదు. ఊళ్ళో ఆమెకు 'పళ్ళ మరియమ్మ' అని పేరు పెట్టారు. లేని పళ్ళకు ఎగతాళి అది. "అవునే, లేనిదాన్ని కాబట్టే చెబుతున్నాను, ఉన్నదానివి వినవే," అని వీధిలోనే కేకలేసేది.

హన్నమ్మను మాచర్ల దారిలో ఒక ఊరికి ఇచ్చాం. అల్లుడు ఏలియా యుద్ధానికి వెళ్ళి, కాలికి దెబ్బ తగిలితే పల్టను వాళ్ళు ఇంటికి పంపేసిన మనిషి. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి అక్క చేతుల్లో జరిగింది. ఆ పిల్ల నోటికి ఒక్కరోజు కూడా పుల్ల తప్పలేదు. మా పల్లె ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బిడ్డకు కడుపునొప్పీ రాలేదు, హన్నమ్మకు ఒక్క పన్నూ కదలలేదు. ఒక్కరైనా అది చూసి మనసు మార్చుకున్నారా అంటే లేదు. ఆ పిల్ల ఒళ్ళు గట్టిది అన్నారు.

రెండో కాన్పుకు వియ్యపురాలు సువార్తమ్మ పంపనంది. పత్తి తీసే రోజులు, ఇంట్లో మనుషులు లేరంది. కాన్పు అక్కడే అయింది. కబురు అందగానే నెయ్యి, జొన్నపిండి, వెల్లుల్లి కారం కట్టుకుని అక్క బయల్దేరింది. బండి నేనే తోలాను.

మేం వెళ్ళేసరికి ఏలియా వాకిట్లో నులకమంచం మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. పుల్లతో కాదు. పల్టనులో ఇచ్చిన బ్రష్షుతో, డబ్బాలో పళ్ళపొడి అద్దుకుని, నోటి నిండా తెల్లటి నురగతో. మమ్మల్ని చూసి తలూపాడు, నురగ వల్ల మాట రాలేదు. అక్క లోపలికి వెళ్ళింది. నేను గడప దగ్గర ఆగాను. చీకటి గదిలో వాము పొగ, వెల్లుల్లి వాసన, వాటి అడుగున ఇంకో వాసన. అది అక్కకు బాగా తెలిసిన వాసన. హన్నమ్మ తల్లిని చూసి నవ్వింది. నవ్వుతూ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్క ఆ చెంగు తీసేసింది. పిల్లను గడప వెలుతురులోకి లాక్కొచ్చి, బొటనవేలితో పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి పళ్ళ మీదికి ఎక్కాయి. వేలు తగలగానే రక్తం ఊరింది.

"పుల్ల ముట్టి ఎన్నాళ్ళయిందే?"

హన్నమ్మ అత్త వైపు చూసింది.

"అటెందుకు, నన్ను చూసి చెప్పు."

"రక్తం కనబడ్డప్పటి నుంచి, అమ్మా. అత్త పుల్ల లాగేసుకుంది."

సువార్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వచ్చీ రాగానే నోరు తెరిపించి చూస్తున్నావు, ఏంది వదినా, ఎద్దును కొనడానికి వచ్చావా?" అంది.

"ఎద్దుకైతే నువ్వు పళ్ళు చూసే బేరం చేస్తావు వదినా. కోడలి పళ్ళు చూసే తీరిక లేకపోయిందే నీకు," అంది అక్క.

తర్వాత ఇద్దరూ చాలా అనుకున్నారు. నరాల సంగతి, చేదుపాల సంగతి సువార్తమ్మ చెప్పింది. నర్సమ్మ మాట అక్క చెప్పింది. సువార్తమ్మ ఒక్క మాట మాత్రం నాకు ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది. "మేం కనలేదా? మా పళ్ళు పోలేదా? నీ కూతురికే ఉండాలా?" అంది. అంటే పళ్ళు పోతాయని ఆమెకు తెలుసు. ఆ కట్టుబాటు పళ్ళను కాపాడదని తన నోరే ఆమెకు చెబుతోంది. అయినా వదలదు. పోవడమే ఆడదాని వంతు అని తీర్మానించుకుంది. ఆమె మీద నాకు కోపం ఉంది. ఆమెకు అలా నేర్పినవాళ్ళ మీద ఇంకా ఉంది.

అక్క వాకిట్లోకి వచ్చింది. ఏలియా అప్పుడే నోరు కడుక్కున్నాడు. "నువ్వొక మాట చెప్పయ్యా," అంది.

"ఆడోళ్ళ సంగతి అత్తా, నాకేం తెలుసు," అన్నాడు అతను.

"పల్టనులో రోజూ తోమించింది ఆడోళ్ళా?"

"అక్కడ తోముకోకపోతే శిక్ష వేసేవాళ్ళు."

"ఇక్కడ తోముకుంటే వేస్తున్నారు," అంది అక్క.

అతను బ్రష్షు విదిలించి గూట్లో పెట్టుకున్నాడు.

అక్క ఇక ఎవర్నీ అడగలేదు. పొయ్యి మీద నీళ్ళు కాచి, ఉప్పు వేసి, పాత నూలు చీర చింపి వేలికి చుట్టుకుంది. పుల్ల కదా వద్దన్నారు, గుడ్డకేముంది అంది. పంటి పంటినీ, చిగురు మొదలునీ తుడిచింది. గుడ్డ ఎర్రబడింది. సువార్తమ్మ ఆ గుడ్డ పట్టుకుని వీధిలోకి పోయి, బాలింత నోట్లోంచి రక్తం తీసింది చూడండి అని నలుగురికీ చూపించింది. సాయంత్రం బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. పసిబిడ్డలు ఏ ఇంట్లో ఏడవరు? కాని ఆ ఏడుపు ఉప్పుగుడ్డ వల్లేనని తేలిపోయింది. సంఘపెద్దను పిలుచుకొచ్చారు. ఆయన ఇద్దరి మాటా విన్నట్టు కూర్చుని, బాలింతను ఆ ఇంటి పద్ధతి ప్రకారమే ఉంచాలనీ, మరియమ్మ ఇంటికెళ్ళి, బిడ్డను చర్చికి తెచ్చే రోజున రావచ్చనీ చెప్పాడు.

"అయితే నా కూతుర్ని తీసుకెళ్తాను," అంది అక్క.

ఎవరూ నమ్మలేదు. బిడ్డను చర్చికి తెచ్చే రోజు రాకముందే బాలింత ఊరి పొలిమేర దాటడం ఎన్నడూ లేదు. తెల్లారి అక్క బండిలో గడ్డి పరిచి, పైన బొంతలు వేసి, కూతురికీ బిడ్డకూ గాలి తగలకుండా చుట్టి కూర్చోబెట్టి, పెద్ద పిల్లవాణ్ణి పక్కన ఎక్కించింది. సువార్తమ్మ వచ్చి ఎద్దుల ముందు నిలబడి, తనను తొక్కించుకుంటూ పొమ్మంది. అక్క బండి దిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సువార్తమ్మ గడ్డం పట్టుకుని, "నీ నోరు తెరువు వదినా, అందరూ చూస్తారు. నాదీ తెరుస్తాను. మనిద్దరం సరిపోమా?" అంది. సువార్తమ్మ నోరు గట్టిగా మూసుకుని పక్కకు జరిగింది. ఏలియా గోడకానుకుని నిలబడ్డాడు. బండి కదిలింది.

దారిలోనే ఆసుపత్రికి పోయాం. గార గీకించాం. ఆ తర్వాత పూటపూటకూ ఉప్పునీళ్ళు, మెత్తటి పుల్ల. మొదట్లో రుద్దిన ప్రతిసారీ రక్తం వచ్చేది. హన్నమ్మ భయపడి ఆపేస్తే అక్క చెయ్యి పట్టుకుని మళ్ళీ రుద్దించేది. రెండు వారాలు తిరిగేసరికి ఎరుపు తగ్గింది. తర్వాత వాపు తీసింది. కింది వరసలో ఒక పన్ను మాత్రం కదిలేది కదిలేటట్టే ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా అక్క ఆ నాలుగు దవడపళ్ళూ బిగించేది.

ఇప్పుడు పళ్ళొక్కటే కాదు, కాపురం కూడా పోయేటట్టుంది. ఆ ఇంటి నుంచి కబురు లేదు. మా ఊళ్ళో, పుల్ల కోసం కూతురి కాపురం విరిచింది అనుకున్నారు. దానయ్య బావ కూడా మొదటిసారి నోరు విప్పి, పంపిచ్చేయవే అన్నాడు. ఇన్నాళ్ళూ లేని మాట ఇప్పుడు వచ్చిందా అని అక్క అతనికి ఆ పూట అన్నం పెట్టలేదు.

పత్తి తీతలు ముమ్మరమయ్యాక ఏలియా వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. హన్నమ్మను పంపమన్నాడు. ఇక నుంచి ఏ ఇబ్బందీ లేకుండా చూసుకుంటానన్నాడు.

"చూసుకోవద్దయ్యా," అంది అక్క. "ఒక్క మాట మీ అమ్మకు నీ నోటితో చెప్పు. పుల్ల జోలికి రావద్దని. అంతే."

"అమ్మకు ఎదురు చెప్పలేనత్తా," అన్నాడు ఏలియా.

"జర్మనీ వాడికి ఎదురెళ్ళావుగా."

అతను లేచాడు. కుంటుకుంటూ వాకిలి దాటబోతుంటే లోపల్నుంచి హన్నమ్మ వచ్చింది. చిన్నదాన్ని భుజాన వేసుకుంది. పెద్దవాణ్ణి వేలు పట్టుకుంది. తల్లిని కాదు, మొగుణ్ణి కాదు, నన్ను చూసి, "నువ్వు తోడు రా మామయ్యా, నేను పోతాను," అంది. అక్క ముఖం మాడిపోయింది. ఇంతా చేసి ఇదా అన్నట్టు చూసింది. హన్నమ్మ చూరులోంచి ఒక పుల్ల లాగింది. "అమ్మ చెప్పక్కర్లేదు, ఆయనా చెప్పక్కర్లేదు. నా నోరు నాకే ఉంది," అని పుల్ల నోట్లో పెట్టుకుంది.

ఏలియాను కూడా ఎక్కించుకుని బండి తోలాను. ఆ దారంతా ఆమె ఆ పుల్ల నమిలింది. ఊరు రాగానే బండి దిగింది. మిట్టమధ్యాహ్నం. పళ్ళు తోముకునే వేళ కాదు. వీధి మొదట్లో మొదలుపెట్టి, చంకన బిడ్డతో, పళ్ళు తోముకుంటూ నడిచింది. అరుగుల మీద ఆడవాళ్ళు చేటలు ఆపి చూశారు. ఎవరో పిచ్చి పట్టిందా అన్నారు. ఆమె పక్కకు తిరిగి ఉమ్మి, మళ్ళీ రుద్దుకుంటూ నడిచింది. సువార్తమ్మ గడపలో నిలబడి ఉంది. హన్నమ్మ ఆమె ఎదురుగానే పుల్ల చీల్చి నాలుక గీసుకుని, తొట్టిలో నీళ్ళు ముంచి పుక్కిలించి, ముఖం కడుక్కుని, "ఆకలవుతోంది అత్తా," అంది. ఊరంతా చూస్తుండగా సువార్తమ్మ ఏమంటుంది? ఏలియా ఎద్దులకు గడ్డి వేయడానికి వెళ్ళిపోయాడు.

మూడో కాన్పు కూడా ఆ ఇంట్లోనే అయింది. అప్పటికే అక్కకు ఒంట్లో బాగుండటం లేదు. వెళ్ళలేకపోయింది. నేను వెళ్ళి చూసి వచ్చాను. హన్నమ్మ నవ్వితే చెంగు అడ్డం రాలేదు. పొద్దున నేనక్కడ ఉండగానే సువార్తమ్మ గోరువెచ్చటి నీళ్ళ చెంబు తెచ్చి, కోడలి ముఖం చూడకుండా, మంచం పక్కన పెట్టి వెళ్ళింది. హన్నమ్మ నోట్లో పోసుకుని చూసి, "ఉప్పు తనే వేసింది మామయ్యా," అంది.

ఆ మాట మోసుకుని సంతోషంగా వచ్చాను. అక్క గోడకు ఆనుకుని, మజ్జిగలో నానబెట్టిన రొట్టె వేలితో మెదుపుకుంటోంది. చెప్పాను. గెలిచావక్కా అన్నాను.

అక్క తల ఎత్తలేదు. "ఇప్పుడు వేసిందా ఉప్పు," అంది. "అప్పుడూ ఉప్పుందిరా ఇంట్లో. మా అత్త కూరలో రోజూ వేసేది. ఒక్క చిటికెడు నీళ్ళలో వేసి నా చేతికి ఇచ్చుంటే ఏం పోయేది దానికి?"

ఆమె రొట్టె గిన్నె పక్కకు నెట్టేసింది. ఆ పూట తినలేదు.